ఏడున్నర

"ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దట!" డ్రైవరు రిపోర్టు కాగితాన్ని మంచం మీదికి విసిరాడు. "ఇరవై రెండేళ్ళు బస్సుకి చిన్న గీత పడనివ్వలేదు. ఒక్క కాగితంతో కిందికి దింపేశారు. రేపట్నుంచి షెడ్డులో టైర్లు దొర్లించుకోవాలి."

కింద నుంచి నీళ్ళ బకెట్ మోసుకొచ్చిన భార్య గుమ్మం పట్టుకుని నిలబడింది. మూడంతస్తుల మెట్లు. మాట బయటికి రావడానికి కాసేపు పట్టింది.

"కొలెస్ట్రాల్ అంత ఎక్కువుందా? మొత్తం ఎంత?"

"రెండు వందల పది."

"అంతేనా? ఉండాల్సిన దానికన్నా పదేగా ఎక్కువ!"

"నేనూ అదే అన్నాను. మొత్తం ఒక్కటే చూస్తే చాలదయ్యా, మంచి కొలెస్ట్రాల్ ఇరవై ఎనిమిదే ఉంది, దాంతో భాగించి చూడు అన్నాడు డాక్టరు."

ఆమె పెదవులు కదిలాయి. "ఏడున్నర."

"ఆఁ, ఏడున్నర. శని లెక్క! ఐదు దాటితేనే కంగారు పడాలట. 'మీ ఇంట్లో చెత్త పోసేవాళ్ళు ఏడుగురున్నర, ఊడ్చే మనిషి ఒక్కతే. ఆ ఇల్లు ఎన్నాళ్ళుంటుంది?' అన్నాడు. ఎడమ భుజం లాగుతోందా, మెట్లెక్కితే ఆయాసమా అని ఒకటే ప్రశ్నలు. లేదు మొర్రో అంటే నమ్మడే! ఉద్యోగం కోసం దాస్తున్నానట."

ఆమె బకెట్ దించి భుజం ఒత్తుకుంది. ఏ భుజమో అతను చూడలేదు. ఎప్పుడూ చూడలేదు.

"మళ్ళీ పరీక్ష చేయించుకుంటే?" అంది.

"ఎందుకు? రక్తం తీసింది స్వయానా నీ తమ్ముడు. వాడికి చేతకాదంటావా?" డ్రైవరు తన బానపొట్ట తడుముకుని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "దీన్ని చూస్తే తెలియడంలా? నువ్వు చూడు, రివటలా ఉంటావు. గాలి తిని బతుకుతావు. ఆ రోజు వాడు నీక్కూడా తీశాడుగా? నీదెంతొచ్చింది?"

ఆమె కొంగుతో బకెట్ అంచు తుడిచింది.

"అడుగుతుంటే చెప్పవేం?"

"మూడు."

"మూడా!" అతను గట్టిగా ఊపిరి వదిలాడు. పక్క గదిలో కూతురు ఎక్కాలు వల్లె వేస్తోంది, ఏడో ఎక్కం దగ్గర తడబడుతూ. "పోనీలే. నేను పోయినా దానికి నువ్వుంటావు. అదొక్కటే ధైర్యం."

ఆమె గోడకి ఆనుకుని మెల్లగా నేల మీదికి జారింది. రెండు చేతులూ జోడించింది.

"మీ పొట్ట చూసి భయమేసిందండీ. మీ ఉద్యోగం పోకూడదని తమ్ముణ్ణి బతిమాలి మన రక్తం సీసాల మీద పేర్లు మార్పించాను. ఆ మూడు... మీదేనండీ."