టోపీ తీసేదాకా

“ఇది గ్యాంగుల సినిమానా, గొంతుల సినిమానా?” బయ్యూమి పళ్ళు నూరాడు.

గంటన్నర నుంచి తెర మీద రౌడీలు బల్ల చుట్టూ చేరి మాట్లాడుతూనే ఉన్నారు. తుపాకులు పేలతాయని వస్తే అంతా పేలాపనే! కాలుస్తారనుకున్నవాళ్ళు కాలు మీద కాలేసుక్కూర్చున్నారు.

బయ్యూమికి ఒక్క కాల్పుల సీను చాలు. అలెగ్జాండ్రియా రేవు మనుషులు ఈ హాల్లో పగ తీర్చుకునే పద్ధతే అది. తెర మీద తుపాకీ పేలినప్పుడే కింద తుపాకీ పేలాలి. లేదంటే గుమ్మంలో పోలీసు లోపలికొచ్చేస్తాడు.

సరిగ్గా అతని ముందు సీట్లో హాజీ మిత్వల్లీ బలిసిన మెడ. మొన్న బయ్యూమి అన్నని గొలుసులతో కొట్టించి, ముఖమన్నది మిగల్చకుండా రేవులో పడేయించిన హాజీ. ఇవాళ ఎందుకో ఒంటరిగా వచ్చాడు. మళ్ళీ ఇలా దొరకడు.

“మాటలతోనే చంపుతున్నార్రా నాయనా!”

“అరవకు అబ్బాయ్,” అన్నాడు పక్క సీటాయన, గుమ్మడిగింజ కొరికి తొక్క ఊస్తూ. అతని కాళ్ళ దగ్గర తొక్కలు గుట్ట పడున్నాయి.

“ఎప్పట్నుంచి కూర్చున్నావ్ బాబాయ్?”

“పొద్దుట్నుంచి. ఒకసారి టికెట్ కొంటే ఆటలన్నీ అయ్యేదాకా ఇక్కడ లేపరుగా.”

“అయితే చూసేశావన్నమాట! అసలు కాల్పులున్నాయా?”

“ఒక్కచోటే. కానీ చెవులు చిల్లులు పడతాయ్.”

“ఎప్పుడో చెప్పు, పుణ్యముంటుంది.”

“ముసలి డాన్ టోపీ తీసి బల్ల మీద పెడతాడు చూడు, అప్పుడు.”

బయ్యూమి చెయ్యి కోటు జేబులోకి పోయింది. పిస్టల్ చల్లగా తగిలింది. ఒక కన్ను టోపీ మీద, ఒక కన్ను మెడ మీద. ఆ మెడలో గుండు ఎక్కడ దిగాలో కూడా చూసిపెట్టుకున్నాడు.

తెర మీద డాన్ కాఫీ తాగాడు. మీసం తుడుచుకున్నాడు. టోపీ నెత్తిమీదే ఉంది. ఖాళీ కప్పు ఠపీమని బల్ల మీద పెట్టాడు.

అంతే. తెరంతా నిప్పులు. అద్దాలు పగిలాయి, పుర్రెలు పగిలాయి, గోడలకి నెత్తురు చిమ్మింది. హాలంతా ఈలలు, కేకలు.

మోత ఆగింది. డాన్ టోపీ ఇంకా నెత్తిమీదే ఉంది. బయ్యూమి చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

ముందు సీట్లోంచి హాజీ తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచాడు: “అయిందిగా రిజ్కూ, వాణ్ణి నిద్రపోతున్నట్టు సర్దేసి, ఆ గింజలిలా ఇవ్వు.”