ముల్లు లేని గాలం

"ఈ గాలాల ముళ్ళు నొక్కిందెవరు?" సేటు షెడ్డు మధ్యలో నిలబడి అడిగాడు.

నాచారంలోని ఆ షెడ్డులో మేము గాలాలకు ఈకలు చుట్టి ఉత్తుత్తి రొయ్యలు చేస్తాం. సీజన్ వస్తే విదేశీయులు సముద్రం ఒడ్డున వెచ్చటి నీళ్ళలో మోకాలి లోతున నిలబడి వాటితో చేపలు పడతారు. ఇక్కడ ఈకలంటించే జిగురు ఘాటుకు, మాతో పనిచేసే బాలనర్సమ్మక్క దగ్గి దగ్గి సొమ్మసిల్లుతోంది. ఫ్యాను పెట్టమంటే సేటు, "సీజన్ అయిపోనీ" అన్నాడు.

అందుకే గాలం కొన దగ్గరుండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కేశాను. చేపలు జారిపోతాయి, సరుకు వెనక్కొస్తుంది, సేటు దిగొస్తాడు అనుకున్నాను.

లేచి నిలబడ్డాను. "నేనే. ఏం జేస్తవో జేస్కో."

సేటు నవ్వాడు. "సరుకు కొన్న ఫారినోళ్ళు మెయిల్ పెట్టిన్రు. చేపను వట్టి మళ్ల నీళ్ళల్లనే ఇడుస్తరంట. ముల్లు లేకుంటే దానికి నొప్పి తక్కువంట. మస్తు ఖుషయిన్రు. ఇగ అన్నీ గిట్లనే నొక్కు."

"మరి ఫ్యాను?"

"సీజన్ అయిపోనీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. బాలనర్సమ్మక్క కొంగుతో మూతి తుడుచుకుని నన్ను కూర్చోబెట్టింది.

"చేప నొప్పి సూసెటోళ్ళు గూడ ఉన్నరా తమ్మీ? అయితే గాళ్ళకే మెయిల్ రాయి, గీడ మేం దగ్గుతున్నమని."