ఎర్తు గుంతకు కుళాయి

"ఇంకా గుంయ్‌మంటన్నాది," అన్నాడు నగరేశ్వరరావు కొత్త స్పీకరుకు చెవి ఆనించి. పాతపట్నంలో అంత పెద్ద సౌండ్ సిస్టమ్ ఇంకే షావుకారింట్లోనూ లేదు.

ఎలక్ట్రీషియన్ బాబీ పెరట్లోంచి వచ్చాడు. "ఎర్తు తీగ పాతిన గుంత ఎండిపోనాది బాబూ, అందుకే ఆ చప్పుడు. దాన్ని రోజూ తడపాల."

"ఒసే, బకెట్టుతో నీళ్లు పట్రా," అని నగరేశ్వరరావు భార్యను కేకేసి, అంతలోనే మనసు మార్చుకున్నాడు. ఆవిడ ఒకనాడు మరిచిపోతే పాట పాడైపోదూ? సాయంత్రానికల్లా ప్లంబరును పిలిపించి, గుంత పక్కనే కుళాయి పెట్టించాడు.

గుంత తడిసింది. స్పీకర్లలో గుంయ్‌మనడం ఆగిపోయింది.

"మహాలక్ష్మీ, ఇలారా. ఇప్పుడేటైనా ఇనబడతన్నాదేటి?" అని గర్వంగా పిలిచాడు.

వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాడు. మహాలక్ష్మమ్మ కొత్త కుళాయి కింద అంట్లు తోముతోంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ నీళ్లన్నీ వీధి కుళాయి దగ్గర్నుంచి బిందెలతో మోసుకొచ్చేది.

"పెరట్లో కుళాయెట్టించమని ఎన్నేళ్లు అడిగినానో," అంది తలెత్తకుండా, కోపం లేకుండా. "మీ పెట్టె మూలిగితే ఒక్క పూటలో వచ్చీసినాది. పెళ్లికే కొనీవలసింది ఆ పెట్టెని."

లోపల స్పీకర్లు ఏ చప్పుడూ లేకుండా ఉన్నాయి. నగరేశ్వరరావుకు పాట పెట్టబుద్ధి కాలేదు.