పడిపోవడానికి మాటలు

"గ్రాఫు కిందికి పడిపోతే ఇంగ్లీషుల ఎన్ని మాటలున్నయో సూడమ్మా," అంటూ మానస వంటగదిలోకి వచ్చింది. మర్నాడే ఆమెకు ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష. "మెల్లగ పడితే డిక్లైన్. ఒక్కసారే పడితే ప్లమెట్. జర పుస్తకం పట్టుకో, అప్పజెప్త."

నాచారం ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి కూర్చున్న శారదమ్మ గోడ పట్టుకుని లేచింది. చీర అంచు కింద చీలమండ వాచి ఉంది.

"కాలికేమైందమ్మా?"

"పొద్దుగాల నల్లా కాడ బిందెతోని జారి పడ్డ."

మానసకు పొద్దున బిందె పడ్డ చప్పుడు గుర్తొచ్చింది. "సప్పుడు జెయ్యకమ్మా, సదువుకుంటున్న" అని లోపలి నుంచే కసిరింది తను.

"నన్ను పిలవకపోతివా?"

"సప్పుడు జెయ్యొద్దంటివి గదా బిడ్డా." శారదమ్మ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "నేనే లేసి డ్యూటీకి పోయిన."

రోజంతా ఆ కాలి మీదే నిలబడి పనిచేసి వచ్చింది.

మానస నేల మీద కూర్చుని ఆ కాలిని ఒడిలోకి తీసుకుంది. శారదమ్మ వెనక్కి లాక్కోబోయింది. "నువ్వు సదువుకో పో. దవాఖానాకు ఎల్లుండి పోదాం."

మానస తలెత్తి అమ్మ ముఖం చూడలేకపోయింది. కాలు వదలకుండానే, ఉప్పల్ దవాఖానాకు పోవడానికి ఫోనులో ఆటో పిలిచింది.