దిష్టిచుక్క

“ఆ ఆట నా ముందు పెట్టకు. పిల్లదాని బ్యాటు నన్నడక్కుండా దానమిచ్చేసిన దానివి,” అంది శ్యామసుందరి కోడలితో.

మనవరాలు తన్మయి పోయాక పరాయి దేశంలో, హారిస్‌డేల్‌లోని ఆ ఇంట్లో టీవీలో క్రికెట్ పెట్టడం ఇదే మొదలు.

“ఒక్క ఓవర్ చూడండి అత్తయ్యా. రువాండాకీ ఉగాండాకీ విమెన్స్ మ్యాచ్. మొన్నటి మ్యాచ్ ఫోన్‌లో చూస్తుంటే నాకొకటి కనబడింది.”

“వాళ్లెవరో, మనమెవరమో.”

అంతలో రువాండా అమ్మాయి ఫోర్ కొట్టి, యాభై పూర్తిచేసి బ్యాటు పైకెత్తింది. దాని వెనక, పిడి కింద, రూపాయి కాసంత నల్లచుక్క. మనవరాలి ఆటకి దిష్టి తగలకుండా శ్యామసుందరి తన చేత్తో, మార్కర్‌తో దిద్దిన చుక్కే అది.

“ఆఫ్రికా పిల్లలకి కిట్లు పంపేవాళ్లకి, ఆ చుక్క చెరపొద్దని చెప్పి మరీ ఇచ్చాను,” అంది కోడలు కిరణ్మయి.

శ్యామసుందరి టీవీ దగ్గరికెళ్లి, ఆ అమ్మాయి మొహం చుట్టూ చేతులు తిప్పి, కణతల దగ్గర మెటికలు విరిచింది. పది వేళ్లూ టపటపా విరిగాయి. తర్వాత వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

“మొహానికి పెడతానంటే, ‘నో నానమ్మా’ అని బ్యాటుకి పెట్టించుకుంది. బ్యాటు బతికిందే, అమ్మాయ్.”