నాలుగు నిమిషాలు

"తాతా, ఆ చెయ్యి తియ్యి!"

దూది బేళ్ళ వెనకనుంచి జక్రయ్య ఒక్కసారిగా బయటికొచ్చాడు.

టైమాఫీసు గోడకున్న పంచింగు మెషిను తలుపు తెరిచి, గడియారం ముల్లు మీద వేలు ఆనించి నిలబడ్డ ముసలి బుడాన్ ఉలిక్కిపడలేదు. ముల్లును మెల్లిగా వెనక్కి నెట్టి, తలుపు మూసి, అప్పుడు తిరిగాడు.

బుడాన్ ఆ స్పిన్నింగు మిల్లు ఊడ్చే మనిషి. మెషిను తుడవడానికి తాళంచెవి అతని దగ్గరే ఉండేది.

జక్రయ్య బీకాం చదివి, ఆ ఏడే చిలకలూరిపేట వచ్చి టైం కీపరుగా చేరాడు. చేరి నెల కాలేదు.

ఉదయం ఏడు దాటి వచ్చినవాళ్ళ కార్డు మీద మెషిను ఎర్ర సిరా కొడుతుంది. నెలలో మూడు ఎర్రలు పడితే మనిషి పేరు కొట్టేస్తారు.

"ఇంతమందిలో ఒక్కరికీ ఎర్ర పడట్లేదంటే ఎవడో మాయ చేస్తున్నాడు. వాణ్ణి పట్టుకో, నిన్ను పర్మనెంటు చేస్తా" అని మేనేజరు ముందే చెప్పి ఉంచాడు.

ఇప్పుడు పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి ఈ పని?"

"మెషిను వచ్చిన కాణ్ణించీ బాబూ. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పరుగెడుతుంది. పట్టి వెనక్కి లాగుతున్నా."

"నీకు వాచీ ఉందా?"

"లేదు."

"మరి టైం ఎవరు చెప్పారు?"

"టీ బంకు రేడియో. పావు తక్కువ ఏడుకి వార్తలు మొదలెడతారుగా."

జక్రయ్య తన మణికట్టు చూసుకున్నాడు. రోజూలాగే ఇందాక మిల్లులో అడుగుపెట్టగానే ఆ మెషిను చూసే వాచీ సరిచేసుకున్నాడు. పేటలో సగం మంది చేసే పనే అది. మిల్లు టైమే టైము.

ఆ వాచీ బుడాన్‌ని దొంగని చేసింది.

"సరిగ్గా నాలుగు నిమిషాలు తగ్గించావు. ఎవరికోసం? ఎంత ముట్టింది?"

"ముట్టడమా!" ముసలాయన నవ్వాడు. "మేనేజరుగారికి ఎప్పుడో చెప్పా. ఒక్కసారి విప్పనివ్వండి, దాని జబ్బు నయం చేస్తానన్నా. ఊడ్చేవాడివి ఊడ్చుకో అన్నారు."

"మద్రాసునుంచి వచ్చిన మెషినుకి నువ్వు వైద్యం చేస్తావా!"

బుడాన్ చీపురు అందుకున్నాడు.

పదింటికి మేనేజరు కారు వచ్చింది. పదింబావుకి బుడాన్ చీపురు గోడకి ఆనించాడు.

తాళంచెవి జక్రయ్య చేతిలో పెడుతూ అన్నాడు:

"మార్టూరు బస్సు ఏడుకి అయిదు నిమిషాల ముందు ఆగుతుంది బాబూ. అందులో రెబ్కా వస్తుంది. పెనిమిటి క్వారీలో కాలు పోగొట్టుకుని మంచాన ఉన్నాడు. ఆమెను కాస్త చూసుకో."

అతను గేటు దాటగానే జక్రయ్య తన వాచీ చూసి, ముల్లును నాలుగు నిమిషాలు ముందుకి జరిపాడు.

మర్నాడు రెబ్కా కార్డు మీద ఎర్ర పడింది. బస్సు దిగినవాళ్ళందరికీ పడింది.

"ఇదేం అన్యాయమండీ! బస్సు వేళకే దిగాం కదా!" అంది రెబ్కా.

"మెషిను అబద్ధం చెబుతుందా అమ్మా?"

"దానికేం, చెబుతుంది!" వెనకనుంచి, అదే బస్సు దిగిన కోటిరత్నం అందుకుంది. "దానికి వంట లేదు, బస్సూ లేదు!"

అందరూ నవ్వారు. రెబ్కా నవ్వలేదు.

రెండోనాడూ ఎర్రే.

మూడోనాడు మూడో ఎర్ర.

తక్కిన బస్సువాళ్ళు గేటు దగ్గరే గుమిగూడారు. రెబ్కా క్యారియరు ఒళ్ళో పెట్టుకుని గేటు పక్క అరుగు మీద కూర్చుంది.

"ఇంటికెళ్ళమ్మా."

"ఈ వేళప్పుడు వెళ్తే పని పోయిందని ఆయనకి తెలిసిపోద్దండీ. సాయంత్రం దాకా ఇక్కడ కూర్చోనివ్వండి, అంతే."

జక్రయ్యకి అక్కడ నిలబడబుద్ధి కాలేదు. రోడ్డు దాటి టీ బంకు దగ్గరికి వెళ్ళాడు.

రేడియోలో ఎవరో నెమ్మదిగా చెబుతున్నారు: "సమయం ఏడు గంటలు."

అతని వాచీలో ఏడూ పదహారు.

"రంజానూ, నీ రేడియో తప్పేమో!"

"నా రేడియో తప్పయితే బెజవాడా తప్పే, ఢిల్లీ కూడా తప్పేనయ్యా!" అన్నాడు రంజాన్, టీ వడగడుతూ.

రోజుకి నాలుగు. బుడాన్ వెళ్ళిన రోజుతో కలిపి నాలుగు రోజులు.

జక్రయ్య టీ అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ముల్లును పదహారు నిమిషాలు వెనక్కి తిప్పాడు. ఎర్ర కార్డులన్నీ తీసి, ఒక్కొక్కదాని మీదా 'గడియారం తప్పు, మనిషిది కాదు' అని రాసి సంతకం పెట్టాడు.

"లేమ్మా, అందరూ లోపలికి పదండి."

"మేనేజరుగారో?"

"ఆయనకి నేను చెప్పుకుంటా."

చెప్పుకున్నాడు. ఎవరి పేరూ కొట్టెయ్యలేదు. పర్మనెంటు మాట మాత్రం మేనేజరు మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం జక్రయ్య బుడాన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. తలుపుకి తాళం ఉంది. పక్కింటి జాన్‌బీ కోళ్ళని గంప కిందకి తోలుతోంది.

"నిన్ననే కూతురొచ్చి కొత్తపట్నం తీసుకుపోయింది బాబూ. ఇక రాడు. చూపు ఎప్పుడో మసకబారింది. మిల్లు పని ఒకటుందని ఇన్నాళ్ళూ ఇక్కడ నిలబడ్డాడు."

"చూపు ఆనదా? మరి ఆ చిన్న ముల్లుని అంత సరిగ్గా ఎలా జరిపేవాడమ్మా?"

జాన్‌బీ అతనివంక వింతగా చూసింది.

"ఆయనెవరో మీకు తెలీదా?"

కోళ్ళగంప మీద కప్పిన పాత రేకు తీసి, కొంగుతో దుమ్ము తుడిచి అతనివైపు తిప్పింది. పెచ్చులూడిన రంగులో అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి: 'షేక్ బుడాన్, గడియారాల వైద్యుడు, ముప్పై ఏళ్ళ అనుభవం.'