ఎర్రచుక్క

"ఇంత పెద్ద అద్దం మీ వయసుకి దండగ బాబాయ్," అంది తుపాకుల కొట్టు నడిపే బుర్గా, తుపాకీ మీద బిగించే దుర్భిణిని రూపెర్ట్ చేతిలోంచి లాక్కుంటూ. "డెబ్బై దాటాక కంటిపాప మసకచీకట్లో కూడా విచ్చుకోదు. అద్దం ఎంత వెలుగు తెచ్చినా లోపలికి పోయేది అంతంతే."

"నాకు కాదమ్మా, వీడికి," అన్నాడు రూపెర్ట్, పక్కనున్న ఆల్బన్‌ని మోచేత్తో పొడిచి. "నావి గద్దకళ్ళు. శనివారం వేట మొదలవుతుంటే వీడు ఇక కొండెక్కనంటున్నాడు."

ఆల్బన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

నవ్వుతూ అన్నాడే గాని రూపెర్ట్‌కి లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆ లోయలో ఏటా వసంతంలో, కిందటేడు కొట్టిన కొండమేకల కొమ్ములన్నీ ఊరి హాల్లో గోడకి వరసగా తగిలిస్తారు. కొట్టదగినదాన్ని కొడితే పచ్చచుక్క, పిల్లతల్లిని కొడితే ఎర్రచుక్క. ముప్పై ఏళ్ళుగా ఆ చుక్కలు అంటించేది రూపెర్టే. మొన్న వసంతంలో ఆల్బన్ పేరున్న కొమ్ములకి ఎర్రచుక్క అంటించిందీ తనే. అంటించి ఊరుకున్నాడా? "మావాడికి ఇక తుపాకీ బదులు చేతికర్ర ఇవ్వండి" అని హాలంతా నవ్వించాడు. ఆల్బన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే రూపెర్ట్‌కి ఇప్పటికీ ముద్ద దిగదు.

యాభై ఏళ్ళ జోడీ వాళ్ళది. కిందటేడు వేటలో ఆ వేకువన కూడా ఒకే బండ చాటున పడుకుని చెరొక మేకని కొట్టారు. రెండూ పక్కపక్కనే కూలాయి. రూపెర్ట్ మోకాలు మొరాయించి కిందే ఉండిపోతే, ఆల్బనే పైకెక్కాడు. ఆనవాయితీ ప్రకారం వాటి నోట ఆఖరి మేతగా చెట్టురెమ్మ పెట్టి, కొట్టినవాడి పేరున్న చీటీలు కాళ్ళకి కట్టి, రెండు విడతల్లో కిందికి దించాడు. రూపెర్ట్‌ది ముసలి గొడ్డుమేక. ఆల్బన్‌దాని పొదుగు నిండా పాలు.

"ఇది చూడండి," బుర్గా ఇంకోటి తీసింది. "ఆరింతలు దగ్గరగా చూపిస్తుంది. లోపలి గురి గీతలు కూడా లావు."

ఆల్బన్ దాన్ని రూపెర్ట్‌కే అందించాడు. "ముందు నువ్వు చూడు. ఎదురుగా సత్రం పలక మీద ఇవాళ ఏం వండామని రాశారో చెప్పు."

"కావాల్సింది నీ కళ్ళకి కదరా!"

"నాకేం తెలుస్తుంది? నువ్వు చూడు."

రూపెర్ట్ కిటికీలోంచి గురిపెట్టాడు. "మంగళవారం కదా, కార్జం ఉండల చారు."

బుర్గా పలక వైపు చూసి ఏదో అనబోయింది. ఆల్బన్ తల అడ్డంగా ఊపాడు.

"మరోటి తియ్యమ్మా."

మూడోదీ నచ్చలేదు. నాలుగోది కంటికి ఆనించగానే రూపెర్ట్ ఎగిరిపడ్డాడు. "అరె, ఆప్రికాట్ కుడుములు! మనం చూస్తుండగానే పలక మార్చేశారేమిట్రా?"

"ఇదే ఇవ్వు," అన్నాడు ఆల్బన్.

"ఎవరి తుపాకీకి బిగించను బాబాయ్?"

"రూపెర్ట్ తుపాకీకి."

రూపెర్ట్ మొహం మాడిపోయింది. "ఆ రోజు నవ్వించినందుకు ఇలా తీర్చుకుంటున్నావా? తప్పేరా. ఆ మాట అనకుండా ఉండాల్సింది. రోజూ ఏడుస్తూనే ఉన్నాను. నువ్వు రాకపోతే నేను కొండెక్కి మాత్రం ఏం చేస్తాను? కానీ ఎర్రచుక్క పడింది నీకైతే దుర్భిణి నాకెందుకు?"

ఆల్బన్ బల్ల మీది టోపీని చేతుల్లోకి తీసుకున్నాడు.

"నేను పైకి చేరేసరికి ఆ పాలమేక పిల్ల ఇంకా తల్లి దగ్గరే నిలబడి ఉందిరా. తరిమినా పోలేదు. ఈ శనివారం ఇంకో పిల్ల అలా నిలబడకూడదు. లేకపోతే ఈ సంగతి నాతోనే పోయేది."

"ఏ సంగతి?"

"ఆ రోజు చీటీలు మార్చి కట్టాను."